పట్టూ – విడుపూ

తెలుగువారి మాటల్లో 'పట్టువిడుపులు' అనే జంటపదం తరచు వినబడుతుంది. తగవు తీర్చే పెద్దమనిషికి, సంసారం నడిపే గృహస్థుకు, పదిమందిని వెంట నడిపించే నాయకుడికి పట్టువిడుపులు తెలిసి ఉండాలని అంటాం. పట్టవలసిన చోట గట్టిగా పట్టడం, విడువవలసిన వేళ వెంటనే విడవడం అని దీని భావం. మనుషుల నడవడికి సంబంధించిన ఈ మాట ఒక క్రీడాపరికరానికి అక్షరాలా వర్తిస్తుందంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ పరికరం నీటిపై జారే స్కీ. ఆ స్కీకీ క్రీడాకారుడి పాదానికీ నడుమ ఉండే ఒక పలుచని పలక మీదనే పట్టు, విడుపు రెండూ ఆధారపడి ఉంటాయి.

వాటర్ స్కీయింగ్ అమెరికాలో పుట్టిన క్రీడ. మిన్నెసోటా రాష్ట్రంలోని లేక్ సిటీలో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు, మంచుమీద జారినట్లే నీటిమీద ఎందుకు జారరాదని ఆలోచించాడు. మొదట పీపాలకు వాడే వంపు చెక్కలతోను, తరువాత మంచు స్కీలతోను ప్రయత్నించి విఫలుడయ్యాడు. అయినా నిరుత్సాహపడలేదు. ఎనిమిది అడుగుల పొడవైన రెండు పైన్ చెక్కలు తెచ్చి, వాటి కొనలను మరిగే నీటిలో మెత్తబరచి పైకి వంచాడు. పాదాలు నిలవడానికి చెక్కల నడుమ తోలుపట్టీలు బిగించాడు. సోదరుడు బెన్ పడవ నడుపుతుండగా 1922 జూలై 2న పెపిన్ సరస్సు నీటిపై నిలబడి జారాడు. ఆ తోలుపట్టీలే నేటి బైండింగులకు పూర్వరూపం. పాదాన్ని స్కీతో కలిపే అమరికనే బైండింగ్ అంటారు.

ఈ క్రీడలోని పోటీలలో స్లాలమ్ ఒకటి. ఇందులో రెండు స్కీలు ఉండవు. ఒకే స్కీపై ఒక పాదం ముందు, మరొకటి వెనుక ఉంచి నిలబడాలి. పోటీమార్గం పొడవు 259 మీటర్లు. మోటారు పడవ మధ్యగా తిన్నగా సాగిపోతుంది. మధ్యరేఖకు 11.5 మీటర్ల దూరంలో, ఇరువైపులా ఆరు గుర్తుబంతులు నీటిపై తేలుతూ ఉంటాయి. తాటి పిడి పట్టుకొన్న క్రీడాకారుడు పడవ వెనుక అటూ ఇటూ దూసుకుపోతూ ఆరింటినీ చుట్టిరావాలి. అగ్రశ్రేణి పోటీలలో పడవ గరిష్ఠవేగం పురుషులకు గంటకు 58 కిలోమీటర్లు, స్త్రీలకు 55 కిలోమీటర్లు. అంటే పురుషుల పరుగు సుమారు 16 సెకన్లలో ముగుస్తుంది. ఆ వేగంలో ఆరు బంతులనూ చుట్టగలిగినవారికి తాడును క్రమంగా కురచ చేస్తారు. 18.25 మీటర్లతో మొదలయ్యే తాడు 11.25 మీటర్లకు తగ్గినప్పుడు, అది మధ్యరేఖనుంచి బంతిని చేరడానికే చాలదు. తక్కిన దూరాన్ని క్రీడాకారుడు తన దేహాన్ని పక్కకు వాల్చి, చేయి చాచి పూరించాలి. అతని బలమూ నేర్పూ స్కీకి అందేది పాదాల ద్వారానే. కాబట్టి బైండింగ్ అమరికకు అంత ప్రాధాన్యం.

స్లాలమ్ స్కీపై ముందు పాదానికి ఒక బూటు ఉంటుంది. వెనుక పాదానికి మరొక బూటు గాని, వేళ్ల భాగాన్ని మాత్రమే పట్టి ఉంచే పట్టీ గాని ఉంటుంది. బూట్లను నేరుగా స్కీకి బిగించరు. వాటి అడుగున లోహంతోనో, కార్బన్ వంటి గట్టి పదార్థంతోనో చేసిన పలక ఉంటుంది. దీనినే ప్లేటు అంటారు. ప్లేటు అంచుల్లో వరుసగా రంధ్రాలు ఉంటాయి. స్కీలో ముందే అమర్చిన మరగుంతల్లోకి ఈ రంధ్రాల గుండా స్క్రూలు దిగుతాయి. రంధ్రం మార్చితే బూటు స్థానం మారుతుంది.

ఏ పాదం ముందుండాలో మొదట తేల్చుకోవాలి. నిటారుగా నిలబడి ఉన్నవానిని వెనుకనుంచి మిత్రుడొకడు మెల్లగా నెడితే, పడిపోకుండా ఏ కాలు ముందుకు వేస్తాడో సాధారణంగా ఆ కాలే ముందుంటుంది. ఇది అనుల్లంఘనీయమైన నియమం కాదు. నీటిపై ఏది హాయిగా ఉంటే అదే సరైనది.

ఇక బిగింపు. స్కీని మెత్తని గుడ్డపై ఉంచి, ప్లేటు కూర్చునే భాగాన్ని ఇసుకరేణువు లేకుండా తుడవాలి. స్క్రూలన్నింటినీ ముందు వేళ్లతోనే కొద్దికొద్దిగా తిప్పి వదులుగా నిలపాలి. ఒకదానిని పూర్తిగా బిగించి రెండోదానికి పోతే ప్లేటు పక్కకు ఒరుగుతుంది. తరువాత స్కీ తోక చివరినుంచి ముందు బూటు మడమ వరకు కొలవాలి. 66, 67 అంగుళాల స్కీలకు ఈ కొలత సాధారణంగా 29, 30 అంగుళాల ప్రాంతంలో ఉంటుంది. తయారీదారు సూచించిన అంకెతోనే ఆరంభించడం మంచిది. బూటు స్కీ మధ్యరేఖపై ఉన్నదో లేదో చూచుకొని, ఎదురెదురు మూలల స్క్రూలను వంతులవారీగా చేతి స్క్రూడ్రైవర్‌తో బిగించాలి. విద్యుత్ పరికరం వాడితే మరచుట్లు అరిగిపోయే ప్రమాదం ఉంది. స్కీతో వచ్చిన స్క్రూలకంటె పొడవైనవి వాడితే అవి స్కీ అడుగుభాగాన్ని దెబ్బతీయవచ్చు.

బిగించినంతమాత్రాన పని ముగియదు. బూట్లను ముందుకు జరిపితే శరీరభారం ముందుకు పోయి, స్కీ ముందుభాగం నీటిలో ఎక్కువగా దిగుతుంది. మలుపు చురుకుగా వస్తుంది కాని, వేగం కొంత తగ్గుతుంది. మితిమీరితే కొన నీటిలో గుచ్చుకొని క్రీడాకారుడు ముందుకు బోల్తాపడతాడు. వెనక్కు జరిపితే కొన పైకి లేస్తుంది. అప్పుడు దూసుకుపోవడం సులభమవుతుంది కాని, మలుపు ఆలస్యమవుతుంది. సరుకు సర్దితే పడవ నడక మారుతుందని ఎరిగిన సరంగుకు ఈ సూత్రం కొత్తది కాదు.

ఇక్కడ పాటించవలసిన నియమం ఒకటి ఉంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి, అది కూడా ఒక్క రంధ్రం మేరకే. స్కీ తోక అడుగున ఉండే రెక్కను కూడ సవరించే వీలుంది. బూటునూ రెక్కనూ ఒకేనాడు మార్చితే ఫలితం దేనివల్ల కలిగిందో తెలియదు. నాలుగు మందులు కలిపి మింగిన రోగికి ఏది గుణమిచ్చిందో చెప్పలేని స్థితి వంటిదే ఇది. పాతకొలతను పుస్తకంలో రాసుకొని, కొత్త అమరికతో అనేక పరుగులు తీసి చూచిన పిమ్మటనే నిర్ణయానికి రావాలి.

ఇంతవరకు చెప్పినది పట్టును గురించి. విడుపు అంతకంటె ముఖ్యమైనది. వేగంగా పోతున్నవాడు పడిపోయినప్పుడు నీరు స్కీని ఒక దిక్కుకు లాగుతుంది, దేహం మరొక దిక్కుకు పోతుంది. అప్పుడు పొడవైన స్కీ గునపంవలె పనిచేసి కాలిని మెలిపెడుతుంది. ఒక పాదం బయటికి వచ్చి రెండవది చిక్కుకొంటే ఆ శక్తి అంతా ఒక్క కాలిమీద పడి, చీలమండగాని కాలి ఎముకగాని విరగవచ్చు. ఈ ఆపదను నివారించడానికి భిన్నమార్గాలు ఉన్నాయి. మెత్తని రబ్బరు బూటు సాగి పాదాన్ని జారనిస్తుంది. గట్టి బూట్లలో కొన్నింటికి, ఒత్తిడి హద్దు మీరగానే బూటును స్కీనుంచి విడిపించే యంత్రభాగం ఉంటుంది. మరికొన్ని అమరికలలో రెండు బూట్లూ ఒకే ప్లేటుపై ఉంటాయి. ఒకదానినొకటి కరచుకొనే పట్టీలతో ఆ ప్లేటును స్కీకి అతికిస్తారు. పడినప్పుడు రెండు పాదాలూ ప్లేటుతోపాటు ఒకేసారి విడివడాలన్నది దీనిలోని ఉద్దేశం.

విడుపు మరీ సులువైతే మలుపు నడుమనే బూటు ఊడి, అనవసరంగా పడిపోతాడు. మరీ బిగువైతే ప్రమాదవేళ ఊడనే ఊడదు. కనుక తయారీదారు సూచనలనూ తన బరువునూ గమనించి ఆ బిగువును నిర్ణయించుకోవాలి. మిత్రుని స్కీ అందుబాటులో ఉన్నదికదా అని అతని అమరికతోనే నీటిలోకి దిగరాదు. అదురుకు స్క్రూలు వదులవుతాయి. ఇసుక చేరిన పట్టీల పట్టు మారుతుంది. అందువల్ల ప్రతిసారీ నీటిలోకి దిగేముందు వీటిని పరీక్షించుకోవాలి.

ఒడ్డున చేసే ఈ పనిని చూచి చప్పట్లు కొట్టేవారుండరు. చూపరులకు కనిపించేది నీటిపై సాగే పదహారు సెకన్ల విన్యాసం మాత్రమే. ఒడ్డున ఓపికతో కొలిచి, బిగించి, సరిచూచుకొన్న ఆ కొద్ది నిమిషాలే క్రీడాకారుడిని మలుపులో నిలబెడతాయి, పడినప్పుడు అతని కాలిని కాపాడతాయి. పట్టూ విడుపూ రెండూ ఎరిగినవాడే నేర్పరి అని పెద్దలు చెప్పేమాట ఈ చిన్న పలక విషయంలోనూ సత్యమే.