కారు చూపించి కాయిన్ అమ్ముతారు

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం కార్మిక కుటుంబాలకు చీటీలు కొత్తేమీ కాదు. చీటీలో ఎవరి డబ్బు ఎవరి చేతికి వెళ్తోందో అందరికీ తెలుసు. క్రిప్టో పేరుతో వచ్చే గొలుసుకట్టు స్కీంలో తెలియనిది సరిగ్గా అదే. ఫంక్షన్ హాల్లో మీటింగ్, వేదిక మీద సూటు వేసుకున్న ‘లీడర్’, గేటు దగ్గర రిబ్బను కట్టిన ఖరీదైన కారు. లెఫ్టులో ఇంతమందిని, రైటులో ఇంతమందిని చేర్పిస్తే ఆ కారు మీదేనంటారు. కట్టాల్సింది మాత్రం క్రిప్టోలో.

ఆ కారు ఎవరి డబ్బుతో వస్తుందో కాగితం మీద వేసి చూడొచ్చు. తలా 50 వేల చొప్పున 1,000 మంది కడితే 5 కోట్లు. అందులోంచి 60 లక్షల కారు ఒకటి ఇచ్చినా పోయేది 12 శాతమే. ఏ వ్యాపారానికైనా ఉండే ప్రచార ఖర్చు అనుకోవచ్చు. అంత కూడా పెట్టనక్కర్లేదు: డౌన్ పేమెంట్ మాత్రం కట్టి వాయిదాలు గెలిచినవాడి నెత్తిన పెట్టొచ్చు, అద్దెకు తెచ్చి ఫొటోలు దిగి పంపేయొచ్చు.

గొలుసు ఎక్కడ తెగుతుందో కూడా లెక్కే చెబుతుంది. ఒక్కొక్కరు పదిమందిని చేర్పిస్తారనుకుందాం. మొదటి వరుసలో 10, రెండో వరుసలో 100, ఆరో వరుసకు 10 లక్షలు. 2011 జనగణన ప్రకారం పటాన్‌చెరు ఉన్న ఇప్పటి సంగారెడ్డి జిల్లా జనాభా పసిపిల్లలతో కలిపి సుమారు 15 లక్షలు. ఏడో వరుసకు కోటి మంది కావాలి. ఎనిమిదో వరుసకు తెలంగాణ మొత్తం చాలదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు: ఈ గొలుసు ఎప్పుడు ఆగినా, అప్పటికి చేరినవాళ్లలో పదికి తొమ్మిదిమంది చివరి వరుసలోనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు.

మరి యాప్‌లో కాయిన్ ధర రోజూ పెరుగుతోంది కదా? బిట్‌కాయిన్ లావాదేవీల చిట్టా వేలాది కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. ధరను కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తేలుస్తారు. బల్గేరియాలో రుజా ఇగ్నటోవా 2014లో మొదలుపెట్టిన వన్‌కాయిన్‌లో ఇవేవీ లేవు. అర యూరో నుంచి దాదాపు 30 యూరోలకు ‘పెరిగిన’ ధరను నిర్వాహకులే వేసుకున్నారని అమెరికా ప్రాసిక్యూటర్లు చెప్పారు. ఆ వల మన దేశానికీ చేరింది. 2017 ఏప్రిల్‌లో నవీ ముంబైలో సెమినార్ పెట్టినవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో సోఫియా నుంచి ఏథెన్స్‌కు విమానమెక్కిన రుజా జాడ ఆ తర్వాత తెలియలేదు. 2022లో ఎఫ్‌బీఐ ఆమెను తన ‘మోస్ట్ వాంటెడ్’ పదిమందిలో చేర్చింది.

ఎయిర్‌బిట్ క్లబ్ అనే మరో క్రిప్టో స్కీం కథలోనూ ఆడంబరమైన సభలే. మదుపరుల డబ్బుతో నిర్వాహకులు కార్లు, నగలు, ఇళ్లు కొనుక్కున్నారని అమెరికా కోర్టులో తేలింది.

మన దగ్గర గెయిన్‌బిట్‌కాయిన్ అనే స్కీం నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామంది. బిట్‌కాయిన్లు వసూలు చేసి, చివరికి ఎంక్యాప్ అనే సొంత కాయిన్ అంటగట్టింది. నిర్వాహకుడు అమిత్ భరద్వాజ్‌ను 2018లో పుణె పోలీసులు అరెస్టు చేశారు. 2022లో ఆయన చనిపోయినా కేసు తెగలేదు, 2025లోనూ సీబీఐ సోదాలు చేసింది. తెలంగాణలో 2024లో నిర్మల్‌లో బయటపడిన యూబిట్ కాయిన్ కేసులో అరెస్టయినవాళ్లలో ప్రభుత్వ ఉపాధ్యాయులున్నారు. చదువు లేనివాళ్లే మోసపోతారన్న మాట ఇక చెల్లదు. తెలిసిన మాస్టారు చెబితే కాదనడం ఊళ్లో ఎవరికైనా కష్టమే.

డబ్బు రూపాయల్లో కట్టడం ఎందుకు వద్దంటారంటే, బ్యాంకు ఖాతాను పోలీసులు స్తంభింపజేయగలరు. క్రిప్టో లావాదేవీల చిట్టా అయిన బ్లాక్‌చెయిన్‌లో ఖరారైన బదిలీని వెనక్కి తిప్పే మేనేజరు లేడు. అయితే ఆ చిట్టా బహిరంగం, చెరగదు. 2016లో బిట్‌ఫినెక్స్ ఎక్స్‌ఛేంజి నుంచి పోయిన 1,19,754 బిట్‌కాయిన్లలో 94 వేలకు పైగా 2022లో అమెరికా అధికారులకు చిక్కింది ఆ జాడ పట్టుకునే.

ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు ‘లీడర్’ మాట నమ్మి ఆగొద్దు. వ్యాలెట్ అడ్రసు, ట్రాన్సాక్షన్ హాష్, చాట్‌ల స్క్రీన్‌షాట్లు దాచుకుని వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.