పెరడే పాఠశాల

భిలాయి ఉక్కు కర్మాగారపు తొలి కొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. బ్రతుకుతెరువు వెతుక్కుంటూ ఆ నగరానికి తరలివెళ్ళిన వారిలో తెలుగువారు అనేకులు. వారు స్థిరపడిన పేటలలో ఖుర్సీపార్ ఒకటి. నాగలి పట్టిన వంశాలు అక్కడ ఇనుము పట్టాయి. మనుమల తరానికి కంది ఎన్ని నెలల పంటో తెలిసే మార్గమేది? పట్టణాలన్నిటా ఇదే ప్రశ్న.

1937 అక్టోబరులో వార్ధా విద్యా సదస్సులో గాంధీజీ, ఉత్పాదకమైన చేతిపని కేంద్రంగా చదువు సాగాలని ప్రతిపాదించారు. తెలుగునేలపై ఆ భావనకు దగ్గరగా వచ్చిన ప్రయత్నం, జహీరాబాదు ప్రాంతంలోని మాచునూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1993లో నెలకొల్పిన 'పచ్చసాలె'. బడికి దూరమై పనిపాటలలో మునిగిన పిల్లలకు అక్కడ అక్షరాలతోపాటు సేద్యం, వడ్రంగం, కుట్టుపని నేర్పారు.

పిల్లలచేత పని చేయించడం న్యాయమేనా అన్న సందేహం సహజం. కుటుంబ వృత్తిలో బడివేళలు ముగిశాక సాయపడటం వంటి కొన్ని మినహాయింపులతో, 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని 2016 నాటి చట్ట సవరణ నిషేధించింది. భేదం ఉద్దేశంలో ఉన్నది. ఎండిపోయిన మడి కూలికి వెళ్ళిన బాలునికి చీవాట్లు తెస్తుంది. బడితోటలో అదే మడి ఒక పాఠమవుతుంది. ఇష్టపడి రావడం, కొద్దిసేపే పనిచేయడం, పండినది తమ కంచంలోకే చేరడం: ఈ మూడూ ఉన్నచోట శ్రమ విద్య అవుతుంది.

చిక్కుడు మొక్కను పెరికి చూస్తే వేళ్ళపై బుడిపెలు కనిపిస్తాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారంగా మారుస్తాయి. మడి కొలిస్తే వైశాల్యం, దిగుబడి తూస్తే సగటు వాటంతట అవే బోధపడతాయి.

స్థలం లేదనే చింత కూడా అక్కరలేదు. బడులలో పోషకాహార తోటల పెంపకానికి 2019లో కేంద్ర ప్రభుత్వం జారీచేసిన మార్గదర్శకాలు, చోటులేని పట్టణ పాఠశాలలు మేడలపైన, కుండీలలో, పాత డబ్బాలలో కూరలు పెంచవచ్చునని సూచించాయి. ఆ కూరలు మధ్యాహ్న భోజనానికి చేరతాయి. అయితే కర్మాగారాల చెంత నేలను ముందుగా పరీక్ష చేయించడం వివేకం.

ఛత్తీస్‌గఢీ భాషలో పెరటితోటను 'బాడీ' అంటారు. మన 'బడి'కి అది రెండు దీర్ఘాలంత దూరం. ఖుర్సీపార్ తెలుగు పిల్లలకు ఆ రెండు మాటలూ ఇరుగుపొరుగువే. ఆ దూరాన్ని దాటించవలసిన బాధ్యత పెద్దలది.