మీకు తెలుసా? పసిబిడ్డతో మెక్సికో సిటీ

మెక్సికో సిటీ సముద్ర మట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. దాదాపు మన ఊటీ అంత! కాకపోతే ఘాట్ రోడ్డు ఎక్కిన ఆనవాలే ఉండదు, విమానం దిగగానే పలచటి గాలి. పసివాళ్లకు మొదటి ఒకటి రెండు రోజులు తిరుగుడు తగ్గించి, పాలు తరచుగా పట్టడం మంచిది. ఈ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అయినా క్రిములు చావడానికి ఆ వేడి చాలు. కుళాయి నీళ్లను చాలామంది స్థానికులే తాగరు, 20 లీటర్ల క్యాన్లు తెప్పించుకుంటారు.

1969లో మొదలైన మెట్రోలో రద్దీ వేళల్లో ముందు పెట్టెలు మహిళలకూ, 12 ఏళ్ల లోపు పిల్లలకూ కేటాయిస్తారు. నాన్నగారు వెనక పెట్టె చూసుకోవాల్సిందే! చాలా స్టేషన్లలో మెట్లే దిక్కు కాబట్టి, తోపుడు బండి కన్నా బిడ్డను ఒంటికి కట్టుకోవడమే సుఖం. మెక్సికో తల్లులు తరతరాలుగా 'రెబోసో' అనే పొడవాటి శాలువాతో చేస్తున్నదీ అదే.

బండే కావాలంటే ఆదివారం ఉదయం బయల్దేరాలి. ఆ పూట పాసెయో దె లా రెఫోర్మా రహదారిపై కార్లు ఆపేసి, సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదిలేస్తారు. ఆ దారిలోనే చపుల్తెపెక్ పార్కు. అందులోని జూకు ప్రవేశం ఉచితం. చైనా బయట పుట్టి, బతికి పెద్దదైన తొలి జెయింట్ పాండా 'తోహుయి' 1981లో పుట్టింది ఇక్కడే.