పాత కార్ల ఇంజన్లలో ఆయిల్ కారడం: క్రాంక్‌కేస్ పీడనం దృష్ట్యా కారణ నిర్ధారణ

వ్యాససంగ్రహం:
ఆయిల్ కారే పాత ఇంజన్‌కు సీళ్లు, ప్యాకింగులు మార్చడం పరిపాటి. కారణం క్రాంక్‌కేస్‌లో పెరిగిన పీడనమైనప్పుడు కొత్త సీలు కూడా నిలవదు. అంబాసిడర్ కారు 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌ను ప్రధానోదాహరణగా స్వీకరించి, ఏ పరీక్ష తరువాత ఏది చేస్తే అసలు కారణం తేలుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్రాంక్‌కేస్, బ్లో-బై, పీసీవీ వాల్వ్, ఆయిల్ సీల్, కంప్రెషన్ పరీక్ష.

1. ఉపోద్ఘాతం:
పశ్చిమబెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 2014 వరకు అంబాసిడర్ కారును తయారుచేసింది. దీనికి మూలం బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దీర్ఘకాలం దీనికి అమర్చిన 1489 సీసీ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బి-సిరీస్ కుటుంబానికి చెందినది. నిలిపినచోట నాలుగు చుక్కలు రాలడం ఇటువంటి కార్లకు సహజమేనని వాడుకరులు భావిస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే సహజమైనదేదో, లోపమేదో తేల్చుకోకపోతే రెండు విధాల నష్టం కలుగుతుంది. లోపాన్ని ఉపేక్షిస్తే ఆయిల్ మట్టం పడిపోయి బేరింగులు అరుగుతాయి. క్లచ్ ప్లేటు తడిసి జారుతుంది. వేడి ఎగ్జాస్ట్ గొట్టంపై ఆయిల్ పడితే మంట లేచే ప్రమాదమూ ఉంది. లోపాన్ని తప్పుగా గుర్తిస్తే, ఒక గొట్టం శుభ్రం చేయవలసినచోట ఇంజన్‌నే దింపవలసి వస్తుంది.

2. పీడనం పెరిగే విధానం:
సిలిండర్‌లో దహనం జరిగినప్పుడు వాయువుల్లో కొంతభాగం పిస్టన్ రింగులను దాటి క్రాంక్‌కేస్‌లోకి చేరుతుంది. దీనినే బ్లో-బై అంటారు. కొత్త ఇంజన్‌లోనూ ఇది కొంత ఉంటుంది. రింగులు, సిలిండర్ గోడలు అరిగేకొద్దీ పెరుగుతుంది. ఈ వాయువుల్లో మండని ఇంధనం, నీటి ఆవిరి, ఆమ్లగుణం గల పదార్థాలు ఉంటాయి. అవి బయటికి పోకపోతే ఆయిల్ మడ్డిగా మారుతుంది. లోపలి పీడనం బయటి వాతావరణ పీడనాన్ని మించితే, ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి ఆయిల్ వెలికివస్తుంది.

తొలినాటి బి-సిరీస్ ఇంజన్లలో ఈ వాయువులను పంపడానికి టాపెట్ కవర్ నుంచి కిందికి దిగే గొట్టం, రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు పోయే గొట్టం ఉండేవి. కిందికి దిగే గొట్టం కారు కదిలేటప్పుడు వీచే గాలి ఈడ్పుపై ఆధారపడుతుంది. నిదానంగా సాగే నగర ప్రయాణంలో ఆ ఈడ్పు దాదాపు ఉండదు. పైగా వాయువులు నేరుగా బయటి గాలిలో కలుస్తాయి. ఈ కాలుష్యాన్ని అరికట్టడానికే 1961 నమూనాల నుంచి కాలిఫోర్నియాలోనూ, 1963 నమూనాల నుంచి అమెరికా అంతటా కొత్త కార్లకు పీసీవీ వాల్వ్ అమర్చడం మొదలైంది. ఇది క్రాంక్‌కేస్ వాయువులను ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి మళ్లించి తిరిగి మండిస్తుంది.

3. సీలు స్వభావం:
తొలినాటి మూడు బేరింగుల బి-సిరీస్ ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ వెనుక కొసన రబ్బరు సీలు లేదు. షాఫ్ట్‌పై మర వంటి గాడి ఉంటుంది. షాఫ్ట్ తిరిగేటప్పుడు ఆ గాడి ఆయిల్‌ను లోపలికి మళ్లిస్తుంది. షాఫ్ట్‌కూ దాని చుట్టూ ఉన్న భాగానికీ మధ్య సన్నని సందు తప్పదు. కాబట్టి ఇంజన్ ఆగిన తరువాత ఒకటి రెండు చుక్కలు రాలడం నిర్మాణ సహజమే. లోపల పీడనం పెరిగినప్పుడు మాత్రం గాడి శక్తి చాలక ఆయిల్ ఎక్కువగా కారుతుంది. మార్చడానికి రబ్బరు సీలే లేని ఈ ఇంజన్‌లో వాయుప్రసరణను సరిచూడటమే మొదటి మార్గం.

4. నిర్ధారణ క్రమం:

4.1 స్థాననిర్ణయం: ముందుగా ఇంజన్‌ను కడిగి ఆరబెట్టి, కొంతదూరం నడిపి చూడాలి. ఆయిల్ కిందికి జారుతుంది. ప్రయాణంలో గాలి దానిని వెనుకకు నెడుతుంది. అందువల్ల చుక్క పడినచోటు కాక, తడి కనిపించిన అత్యున్నత స్థానమే అనుమానించదగినది. క్లచ్ హౌసింగ్ కింద కనిపించే ఆయిల్‌కు మూలం పైనున్న రాకర్ కవర్ ప్యాకింగ్ కావచ్చు. ఆ కవర్ బోల్టులను అతిగా బిగిస్తే రేకు వంగి కారడం మరింత పెరుగుతుంది.

4.2 వాయుప్రసరణ పరీక్ష: పాత పద్ధతి గొట్టాలను విప్పి, మడ్డి పట్టిందేమో చూసి శుభ్రం చేయాలి. పీసీవీ వాల్వ్ ఉన్న ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూతిపై పలుచని కాగితం ఉంచాలి. కాగితం లోపలికి లాగబడితే ప్రసరణ సక్రమం. పైకి ఎగిరితే వాల్వ్ మూసుకుపోయిందని గాని, బ్లో-బై మితిమీరిందని గాని గ్రహించాలి. వాల్వ్‌ను విప్పి ఊపితే, లోపలి భాగం కదిలే చప్పుడు సాధారణంగా వినిపించాలి. వాల్వ్ తెరచుకొని బిగుసుకుపోతే లోపం మరోలా ఉంటుంది: ఐడిలింగ్ నిలకడ తప్పుతుంది, ఆయిల్ ఖర్చు పెరుగుతుంది.

4.3 కంప్రెషన్ పరీక్ష: ప్రసరణ మార్గాలు శుభ్రంగా ఉన్నా పీడనం తగ్గకపోతే ప్రతి సిలిండర్ కంప్రెషన్ కొలవాలి. తక్కువగా ఉన్న సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. విలువ గణనీయంగా పెరిగితే రింగులు లేదా సిలిండర్ అరిగినట్లు. పెరగకపోతే వాల్వులను, హెడ్ గాస్కెట్‌ను పరీక్షించాలి.

5. ముగింపు:
• ఆయిల్ కారడం లక్షణం మాత్రమే. దాని కారణం కారిన చోటే ఉండాలన్న నియమం లేదు.
• స్థాననిర్ణయం, వాయుప్రసరణ, కంప్రెషన్ పరీక్షలు ముగిసిన తరువాతే సీళ్లు, ప్యాకింగుల మార్పును ఆలోచించాలి. పీడనం సక్రమంగా ఉండి కూడా కారుతుంటే, వేడికి గట్టిపడిన రబ్బరు, కుంచించుకుపోయిన కార్కు ప్యాకింగ్ నిజమైన కారణాలు అవుతాయి.
• ఖర్చు తక్కువైన పరీక్షను ముందుంచే ఈ క్రమం, పాత వాహనాన్ని కాపాడుకోదలచినవారికి అనవసరమైన మరమ్మతును తప్పిస్తుంది.