ఆమ్లంలో ఒక గంట

రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకు 1997లో అమెరికాలో అనుమతి దొరికింది. పదేళ్ల తర్వాత, 2007లో, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దాన్ని దాదాపు పోలిన మందు, అంటే బయోసిమిలర్‌ను రెడిటక్స్ పేరుతో తెచ్చింది. ఈ మందును తయారుచేసేవి చైనీస్ హామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయ కణాలు. ట్యాంకులో పెంచితే అవే యాంటీబాడీని ద్రవంలోకి వదులుతాయి. దానితోపాటు సొంత ప్రోటీన్లు, డీఎన్‌ఏ కూడా వదులుతాయి. వైరస్‌లూ ఉండొచ్చు. వీటన్నిటి నుంచి మందును విడదీయాలి.

మామూలుగా మనం బియ్యంలో రాళ్లు ఏరతాం. ఇక్కడ మొదటి మెట్టులో రాళ్లను వదిలేసి బియ్యాన్నే ఏరుకుంటాం. స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాలో దొరికిన ప్రోటీన్ ఎ, యాంటీబాడీ అణువులో కాండం లాంటి భాగాన్ని గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని అంటించిన రెజిన్ పూసల్ని కాలమ్‌లో నింపి ద్రవాన్ని పంపితే, యాంటీబాడీ ఆగిపోతుంది, చెత్తలో అధికభాగం కిందికి పోతుంది. పీహెచ్‌ను 3.5 దాకా దించగానే పట్టు వదులుతుంది. బయటికొచ్చే ప్రోటీన్ ఎంతో చూపే అతినీలలోహిత గీత తెరమీద నిటారుగా లేస్తుంది.

ఆ ద్రవాన్ని వెంటనే తటస్థం చేయరు. సాధారణంగా ఓ గంట ఆమ్లంలోనే ఉంచుతారు. కొవ్వు పొర ఉన్న వైరస్‌లు అందులో చితికిపోతాయి. కానీ అదే ఆమ్లం యాంటీబాడీ మడతల్నీ సడలిస్తుంది. సడలిన అణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. ఆ ముద్దలు ఒంట్లోకి వెళ్తే, మందునే శత్రువుగా భావించి శరీరం ఎదురు తిరగొచ్చు. అందుకే ప్రాసెస్ రూపొందించేవాళ్లు చిన్న గొట్టాల్లో 3.4, 3.6, 3.8 పీహెచ్‌ల దగ్గర అరగంట, గంట, రెండు గంటలు ఉంచి ముద్దల శాతం కొలుస్తారు. వైరస్ చావాలి, మందు బతకాలి. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది ఈ ఓపికే.

పొర లేని పార్వోవైరస్ లాంటివి ఆమ్లానికి లొంగవు. వాటికి సుమారు 20 నానోమీటర్ల రంధ్రాల ఫిల్టర్ ఉంది. మిగిలిన డీఎన్‌ఏని, కణ ప్రోటీన్లని అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్‌లు పట్టుకుంటాయి.

మళ్లీ ఆమ్లం దగ్గరికొస్తే, పీహెచ్ దించడానికి పోసే ఆమ్లం ఆ చిన్న గొట్టంలో క్షణాల్లో కలిసిపోతుంది. వందల లీటర్ల ట్యాంకులో అలా కాదు. ఆమ్లం ధార పడేచోట పీహెచ్ కాసేపు 3 కన్నా కిందికి పోవచ్చు. మీటర్ మాత్రం 3.6 అనే చూపిస్తుంది. ముద్దలు అక్కడే మొదలవుతాయి. కాబట్టి ధార వేగం, కలియబెట్టే రెక్కల వేగం, ఆమ్లం గాఢత కూడా ప్రాసెస్‌లో రాసిపెట్టాల్సిందే.