ప్రోటూల్స్: చిప్పు ధర నుంచి చందా దాకా

కంప్యూటర్‌లో పాటలు రికార్డు చేసి కూర్చే ప్రోటూల్స్ 1991లో తొలిసారి అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర సుమారు 6,000 డాలర్లు. అంత పెట్టి కొంటే దొరికినవి నాలుగే ట్రాకులు, అంటే విడివిడిగా పట్టి కలిపే శబ్దాల వరుసలు. ఇప్పుడు ఎనిమిది ఆడియో ట్రాకుల ప్రోటూల్స్ ఉచితంగానే దొరుకుతోంది. అయినా ఏ రకం కొనాలో తేల్చుకోవడం ఈ రోజుల్లోనే ఎక్కువ కష్టం. ఎందుకో తెలియాలంటే దాని పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో చదువుకున్న స్నేహితులు పీటర్ గాచర్, ఇవాన్ బ్రూక్స్. మొదట డ్రమ్ యంత్రాలకు కొత్త శబ్దాల చిప్పులు చేసి అమ్మారు. తర్వాత డిజిడిజైన్ సంస్థ పేరుతో, మెకింతోష్ తెరపై శబ్దాన్ని కత్తిరించి అతికించే సౌండ్ డిజైనర్‌ను తెచ్చారు. 1989లో టేపు అక్కర్లేని రెండు ట్రాకుల సౌండ్ టూల్స్ వచ్చింది. ప్రోటూల్స్ దాని వారసురాలే.

సీడీ నాణ్యతతో శబ్దాన్ని పట్టాలంటే ఒక్కో ట్రాకులో సెకనుకు 44,100 సార్లు కొలత తీయాలి. ఆనాటి కంప్యూటర్లకు అంత శక్తి లేదు. అందుకే మోటరోలా 56001 లాంటి ప్రత్యేక చిప్పులున్న కార్డులను జోడించారు. ట్రాకులు పెరగాలంటే చిప్పులూ పెరగాలి. ధరలో ఆ కార్డుల, చిప్పుల ఖర్చూ ఉండేది. కొన్నవాడికి డబ్బు ఎక్కడికి పోయిందో కళ్లకు కనిపించేది.

1999లో డిజి 001 అనే పెట్టెతో ప్రోటూల్స్ ఎల్ఈ వచ్చింది. ప్రత్యేక చిప్పులు లేకుండా కంప్యూటర్ ప్రాసెసర్‌తోనే పనిచేసేది. ధర వెయ్యి డాలర్ల లోపే. 2002లో పెద్ద స్టూడియోల కోసం హెచ్‌డీ, 2005లో ఎం-ఆడియో పరికరాలకు ఎం-పవర్డ్ వచ్చాయి. ఒకే సాఫ్ట్‌వేర్‌కు మూడు పేర్లు, మూడు ధరలు.

చిక్కుముడి ఇక్కడే పడింది. ఒక పాటలో గొంతుకు ప్రతిధ్వని లాంటి ప్రక్రియ జోడిస్తే లెక్కకు కాస్త సమయం పడుతుంది; ఆ ట్రాకు మిగతావాటి కంటే వెనకబడుతుంది. మిగతా ట్రాకులను అంతే ఆలస్యం చేసి అన్నిటినీ కలపడం సాఫ్ట్‌వేర్ చేయగల పనే. క్యూబేస్ లాంటి పోటీ సాఫ్ట్‌వేర్లు మామూలు కంప్యూటర్‌లోనే చేసి చూపించాయి. ఎల్ఈ వాడేవారికి మాత్రం ఆ సదుపాయం ఇవ్వలేదు. చివరికి 2010లో ప్రోటూల్స్ 9 ఆ లోటు తీర్చింది, సంస్థ పరికరం కొనితీరాలన్న నిబంధననూ ఎత్తేసింది. అందులో ట్రాకులు 96. అదనంగా డబ్బు కట్టి ఒక టూల్‌కిట్ కొంటే అదే కంప్యూటర్‌లో 192. అంటే హద్దు యంత్రానిది కాదు, తాళానిది.

అప్పటి నుంచి పేర్లు వ్యాపార నిర్ణయాలను బట్టే మారుతూ వచ్చాయి. 2015లో నెలవారీ చందా మొదలైంది. 2018లో వెర్షన్ అంకెలు పోయి ఏడాది, నెల వచ్చాయి. హెచ్‌డీ సాఫ్ట్‌వేర్ అల్టిమేట్ అయింది. 2022లో ఆర్టిస్ట్, స్టూడియో, ఫ్లెక్స్ అనే మూడు రకాలు వచ్చాయి. ఏడాది తిరక్కముందే ఫ్లెక్స్ మళ్లీ అల్టిమేట్‌గా మారింది. ఆపేసిన శాశ్వత లైసెన్సులూ తిరిగొచ్చాయి. అప్పటి ఏడాది చందా ఆర్టిస్ట్‌కు 99 డాలర్లు, స్టూడియోకు 299. మొదటిదానిలో ఆడియో ట్రాకులు 32, రెండోదానిలో 512.

ఇంకో దారి లేకపోలేదు. ఇదే పని చేసే రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఒకే రూపం. కొనేవారి వాడకాన్ని, సంపాదనను బట్టి 60 డాలర్లు, లేదా 225. ఎవరు కొన్నా సదుపాయాలన్నీ ఒకటే.

సాఫ్ట్‌వేర్‌కు ధర ఉండడం న్యాయమే. దాని వెనక ఇంజనీర్ల ఏళ్ల శ్రమ ఉంది. కానీ ఇల్లే స్టూడియోగా పాట మొదలుపెట్టే యువకుడికి మూడు విషయాలు ముందే తెలియాలి: ఎన్ని ట్రాకులు, చందా ఆపితే ఏమవుతుంది, పాత పాటల ఫైళ్లు తెరుచుకుంటాయా? వీటికి జవాబు ధర పక్కనే రాసి పెట్టడం అమ్మేవారి బాధ్యత.