సిగ్నల్ ఫుల్... మాటలే మాయం!

వీడియో కాల్‌లో అవతలి మనిషి బొమ్మ బిగుసుకుపోతుంది. 'వినిపిస్తోందా?' అని మనం, 'హలో... హలో' అని వాళ్లు. చూస్తే వైఫై గీతలన్నీ నిండుగానే ఉంటాయి. మరి తేడా ఎక్కడ?

మన మాట, బొమ్మ అన్నీ చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తాయి. దారిలో కొన్ని పోతే అదే ప్యాకెట్ లాస్. సినిమా చూసేటప్పుడు పోయిన ముక్కను మళ్లీ తెప్పించుకునే టైమ్ ఉంటుంది. కాల్‌లో, గేమ్‌లో ఆ టైమ్ ఉండదు.

మా చెల్లికి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. ముందు రోజు ప్రాక్టీస్ కాల్‌లో మాటలన్నీ తెగిపోయాయి. ఇంట్లో అందరూ నెట్ వాళ్లను తిడుతుంటే, అసలు లోపం ఇంట్లోనా, బయటా అని తేల్చే పనిలో పడ్డాను.

దానికి పింగ్ చాలు. 'ఉన్నావా?' అని అడిగితే 'ఉన్నా' అని జవాబు రావాలి, అంతే. ప్లే స్టోర్‌లో పింగ్ యాప్‌లు బోలెడు. ముందు రౌటర్‌కి 100 సార్లు కొట్టాను. దాని అడ్రస్ వైఫై సెట్టింగ్స్‌లో గేట్‌వే దగ్గర ఉంటుంది. చాలా ఇళ్లలో 192.168.1.1. తర్వాత గూగుల్ వారి 8.8.8.8కి కొట్టాను.

రౌటర్ వరకూ అన్నీ చేరి, 8.8.8.8 దగ్గర పోతుంటే అనుమానం బయటి లైన్ మీద. ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తున్నా ఇలాగే అవుతుంది. అది ఆపి మళ్లీ చూడాలి. మాకు రౌటర్ దగ్గరే 9 జవాబులు రాలేదు. ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి చూస్తే ఒక్కటీ పోలేదు. అంటే దొంగ వైఫైలోనే!

ఇక అనుమానితులు ముగ్గురు.

దూరం: ఎనలైజర్ యాప్‌లో సిగ్నల్ మైనస్ 67 డీబీఎం దగ్గర ఉంటే కాల్స్‌కి ఢోకా లేదు. మైనస్ 80కి పడిపోతే కష్టమే. రౌటర్ మాట ఫోన్‌కి వినిపించినా, ఫోన్ గొంతు చిన్నది. అది రౌటర్ దాకా చేరాలిగా!

ఇరుగుపొరుగు: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల చానెళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో అందరూ ఒకే చానెల్‌లో ఉంటే సంతలో మాట్లాడుకున్నట్టే. గీతలు సిగ్నల్ బలాన్నే చూపిస్తాయి, ఈ రద్దీని కాదు.

మైక్రోవేవ్ ఓవెన్: ఇదీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. వంటింట్లో ఓవెన్ తిరిగినప్పుడే కాల్ తెగితే దొంగ దొరికినట్టే.

మా దొంగ రెండోవాడు. ఆరో చానెల్ కిటకిటలాడుతోంది. చెల్లిని రౌటర్ ఉన్న హాల్లో కూర్చోబెట్టి, ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాం. వందకి వంద జవాబులు! ఇంటర్వ్యూ సాఫీగా అయిపోయింది. అయితే 5 గిగాహెర్ట్జ్‌కి గోడలు దాటే బలం తక్కువ. రెండు గదుల అవతల ఉంటే 2.4లోనే ఖాళీ చానెల్ వెతుక్కోవడం మేలు.

ఒక్కసారి ఒక్కటే మార్చండి, మళ్లీ పింగ్ కొట్టండి. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. లోపం బయటి లైన్‌దే అని తేలితే ఆ పింగ్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. 'రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్' అన్నప్పుడు చూపించడానికి పనికొస్తాయి!